జర్మన్ ఉర్లగడ్డ సలాడ్‌కు తిరుపతి బజారు సరుకు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

తిరుపతిలో దొరికే సరుకుతో దక్షిణ జర్మనీ పద్ధతి ఉర్లగడ్డ సలాడ్ బాగానే కుదురుతుంది. జర్మన్ రెసిపీలోని అంకెలను మార్చకుండా దించుకుంటే మాత్రం కుదరదు. తేడా కొట్టేది మూడు సరుకుల్లో: గడ్డ, వెనిగర్, ఆవ. మిగతావి ఉన్నా లేకపోయినా సర్దుకుపోవచ్చు. అందుకే ఇది ఏదో ఒక కంపెనీ ప్యాకెట్ మీద సమీక్ష కాదు. ఇందిరా ప్రియదర్శిని కూరగాయల మార్కెట్టు, రైతు బజారు, గాంధీ రోడ్డు కిరాణా కొట్లు, సూపర్ మార్కెట్ అరలు, వీటిలో ఈ వంటకు పనికొచ్చేది ఏది, పేరుకు మాత్రమే సరిపోయేది ఏది అన్నదే ఇక్కడ విషయం.

ముందుగా ఏ సలాడో తేల్చుకోవాలి, ఎందుకంటే జర్మనీలో అది ఒకటి కాదు. ఉత్తరాన మయొనైజ్ వేస్తారు, వెనిగర్‌లో ఊరిన గెర్కిన్లు (చిన్న దోసకాయలు), ఉడికిన గుడ్డు, కొన్ని ఇళ్ళలో ఆపిల్ ముక్కలు కూడా పడతాయి. దక్షిణాన, స్టుట్‌గార్ట్ చుట్టూ ఉన్న ష్వాబియాలో మయొనైజ్ ఊసే ఉండదు. పొట్టుతో ఉడికించిన గడ్డను వేడిమీదే ఒలిచి, పల్చగా కోసి, దానిమీద వేడి స్టాకు (మాంసమో కూరగాయలో ఉడికించి వడగట్టిన నీళ్ళు), వెనిగర్, ఆవ ముద్ద, ఎర్రగడ్డ వేసి, అంతా పీల్చుకున్నాక చివర్లో నూనె పోస్తారు. పక్కనున్న బవేరియాలో దీనికే కీర దోస చక్రాలు చేరుస్తారు. అమెరికాలో జర్మన్ సలాడ్ పేరుతో నడిచేది వేరే: అందులో పంది కొవ్వు, చక్కెర ఎక్కువ, వేడివేడిగా తింటారు. క్రిస్మస్ ముందు రాత్రి జర్మన్ ఇళ్ళలో సాసేజ్‌తో పాటు ఎక్కువగా కనిపించేది ఈ ఉర్లగడ్డ సలాడే. మన ఎండకూ, మన ఊళ్ళో ఎక్కువ వంటిళ్ళ శాకాహారానికీ ఒప్పేది ష్వాబియా రకం. ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

గడ్డ దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే సగం పైగా ఫలితం అక్కడే తేలిపోతుంది. జర్మనీలో ఉర్లగడ్డ సంచి మీదే రాసి ఉంటుంది: ఉడికినా ముక్క చెదరనిది, మధ్యరకం, పిండిలా విచ్చుకునేది. సలాడ్‌కు మొదటి రకమే. మన దగ్గర బుట్టలో కుప్పపోసిన గడ్డకు ఆ చీటీ ఉండదు. అమ్మేవాళ్ళు చెప్పగలిగేది ఊరు పేరు: ఆగ్రా గడ్డ, కోలారు గడ్డ, హాసన్ గడ్డ, లేదంటే మన వి.కోట, పలమనేరు వైపు పండిన గడ్డ. ఆ ఊరి పేరునుంచి కొంత పట్టుకోవచ్చు. కర్ణాటకలో వానాకాలం పంటగా ఎక్కువగా వేసే కుఫ్రి జ్యోతి 1968లో విడుదలైన పాత రకం, ఉడికాక ముక్క నిలబడే స్వభావం దానిది. ఆ పంట ఆగస్టు, సెప్టెంబరులో తవ్వి వస్తుంది, కాబట్టి ఆ నెలల్లో తిరుపతికి దిగే పల్చని పొట్టు గడ్డ సలాడ్‌కు అన్నిటికంటే నమ్మకమైనది. కుఫ్రి పుఖ్‌రాజ్ కూడా ముక్క నిలబడే రకమే, కాకపోతే నీరు ఎక్కువ, రుచి తక్కువ. కుఫ్రి చిప్సోనా పేరు వినబడితే వదిలేయండి. చిప్స్ కోసమే తయారుచేసిన రకం అది, గట్టి పదార్థం ఎక్కువ, ఉడికితే అంచులు పిండై రాలిపోతాయి.

దుకాణంలో రకం పేరు తెలియదు కాబట్టి ఇంట్లో చేసే పరీక్ష ఒకటి ఉంది, అది అన్నిటికంటే ఖచ్చితం. లీటరు నీళ్ళలో 110 గ్రాముల ఉప్పు కరిగించి, మట్టి లేకుండా కడిగిన గడ్డలను అందులో వేయాలి. పిండి ఎక్కువున్న గడ్డ బరువు, మునుగుతుంది. ముక్క నిలబడే గడ్డ తేలుతుంది. తేలినవి సలాడ్‌కు, మునిగినవి మసాలా దోసె కూరకు. ఒకే కుప్పలోంచి తెచ్చిన కిలోలో రెండు రకాలూ ఉండటం మామూలే, ఎందుకంటే మండీలో సంచులు కలిసిపోతాయి. కల్లుప్పు వాడితే గ్లాసుతో కొలవకుండా తూకమే వేయాలి, పలుకుల మధ్య ఖాళీ వల్ల గ్లాసు లెక్క తప్పుతుంది.

కొట్టువాణ్ణి అడిగే తీరు కూడా ముఖ్యం. 'మంచి ఉర్లగడ్డ ఇవ్వన్నా' అంటే పెద్దవి, మెత్తగా ఉడికేవి తూచి ఇస్తాడు, ఎందుకంటే ఈ ఊళ్ళో ఉర్లగడ్డకు పెద్ద గిరాకీ టిఫిన్ హోటళ్ళది, వాళ్ళకు చిదిమితే చిదిమినట్టు ఉండాలి. 'వేపుడుకు, ముక్క చెదరకూడదు' అని చెప్తే వేరే బుట్టవైపు చెయ్యి పోతుంది. ఒక్కో గడ్డ 80 నుంచి 100 గ్రాములు, అన్నీ ఒకే సైజు. పెద్దా చిన్నా కలిస్తే చిన్నవి పగిలేసరికి పెద్దవాటి నడుమ పచ్చిగా ఉంటుంది.

ఏడాది చివరికి వచ్చేసరికి ఇంకో తంటా. ఉత్తరాది గడ్డ ఫిబ్రవరి, మార్చిలో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెట్టి నెలల తరబడి వదులుతారు. 7 డిగ్రీల లోపు ఉంచిన గడ్డలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి గడ్డతో వేపుడు నల్లబడుతుంది, సలాడ్ తియ్యగా వస్తుంది, ఎంత వెనిగర్ పోసినా ఆ తీపి అడుగున మిగులుతుంది. కొన్నాక ఫ్రిజ్‌లో పెట్టకుండా చీకటి గదిలో, గాలి తగిలే బుట్టలో వారం పది రోజులు ఉంచితే చాలావరకు తగ్గుతుంది. ఎండ తగిలే చోట పెడితే పచ్చబడుతుంది, ఆ పచ్చ భాగం చేదు, ఒంటికి పడదు, లోతుగా కోసి పారేయాలి.

ఇక అసలు పేచీ. జర్మన్ రెసిపీలో ఒక కిలో గడ్డ, 300 మిల్లీలీటర్ల స్టాకు, 4 టేబుల్ స్పూన్ల వెనిగర్ అని రాసి ఉంటుంది. ఈ అంకెలు అక్కడి గడ్డకు, అక్కడి వెనిగర్‌కు రాసుకున్నవి. రాసినవాడి బజారును చెప్పకుండానే మన చేతికి అందిస్తుంది రెసిపీ. ఇది ఈనాటిది కాదు, రాత మొదలైనప్పటినుంచీ ఉన్న లోటే.

ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికినవాటిలో అతి పాత రెసిపీలు బాబిలోనియా మట్టి పలకల మీద ఉన్నాయి, సుమారు క్రీ.పూ. 1700 నాటివి, ఇప్పుడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలావరకు మాంసం పులుసులు: ఏమేం వేయాలో ఉంది, ఎంత వేయాలో, ఎంతసేపు ఉడకాలో దాదాపు లేదు. జర్మన్ భాషలో పాత వంటల సంకలనం 1350 ప్రాంతంలో వుర్ట్స్‌బుర్గ్‌లో రాసినది, 1485లో న్యూరెంబర్గ్‌లో తొలి జర్మన్ వంట పుస్తకం అచ్చయింది. వాటి తీరూ అంతే, వంటవాడు వంటవాడికి గుర్తుచేసుకున్నట్టు ఉంటుంది. 1581లో మైన్జ్ ప్రభువు దగ్గరి వంటవాడు మార్క్స్ రుంపోల్ట్ అచ్చువేయించిన పెద్ద పుస్తకంలో 'నేల ఆపిళ్ళు' అని ఒక వంట ఉంది: ఒలిచి, కోసి, నీళ్ళలో ఉడికించి, కొవ్వులో వేయించమంటుంది. అది ఉర్లగడ్డే అని కొందరు, అప్పటికి జర్మనీలో ఉర్లగడ్డ అంతగా లేదు కాబట్టి ఇంకేదో కాయ అని కొందరు ఇంకా వాదించుకుంటున్నారు. కొలతా, గడ్డ రకమూ రాయని రెసిపీతో నాలుగొందల ఏళ్ళ తర్వాత వచ్చే చిక్కు ఇది. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1756 మార్చిలో రైతులు ఉర్లగడ్డ నాటాలని ఉత్తర్వు పంపాల్సి వచ్చిందంటే, అప్పటికీ జనం దాన్ని నమ్మి నాటలేదనే అర్థం.

మన వైపు చూస్తే దీనికి తలకిందులు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసంలో వంటలు రాశాడు, అక్కడ పద్ధతి ఉంది. కానీ తిరుమల, తిరుపతి గుళ్ళ గోడల మీద చెక్కిన శాసనాలు చూడండి. ఎవరో దాత పొలమో సొమ్మో రాసిస్తే, దానికి బదులు రోజూ స్వామికి పెట్టాల్సిన ప్రసాదానికి ఎన్ని మరకాళ్ళ బియ్యం, ఎన్ని 'నాళి'ల నెయ్యి (ఇవి ఆనాటి కొలతలు), ఎంత పెసరపప్పు, ఎంత బెల్లం, ఎంత మిరియం అని లెక్క తప్పకుండా ఉంటుంది. దాతకు నాలుగో వంతు ప్రసాదం దక్కాలన్న సంగతీ ఉంటుంది. ఎలా వండాలో ఒక్క ముక్క ఉండదు, ఎందుకంటే పోటులో, అంటే గుడి వంటశాలలో, వాళ్ళకు తెలుసు, రాతిమీద రాసింది ఒప్పందం. దేవస్థానం ఈ శాసనాలను 1930లలో సంపుటాలుగా అచ్చేసింది. అదే వరస ఈనాటి లడ్డూ దిట్టంలోనూ, అంటే సరుకుల లెక్కలోనూ, కనిపిస్తుంది: 1950లో నిర్ణయించి, 2001లో సవరించిన దిట్టం ప్రకారం 5,100 లడ్డూలకు ఆవునెయ్యి 165 కిలోలు, శెనగపిండి 180, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు, మొత్తం 803. పాకం ఏ తీగ దగ్గర దించాలో ఆ పట్టికలో వెతికితే దొరకదు.

అక్కడ చేసే తీరు రాసి కొలత వదిలేశారు, ఇక్కడ కొలత రాసి చేసే తీరు వదిలేశారు. ఈ రెండూ ఒకచోట చేరింది 19వ శతాబ్దంలో. 1845లో ఇంగ్లండులో ఎలైజా ఆక్టన్ ప్రతి వంట చివర సరుకుల తూకం, పట్టే సమయం విడిగా రాసింది. అదే ఏడు జర్మనీలో హెన్రియెట్టె డేవిడిస్ వంట పుస్తకం వచ్చింది, రెసిపీలు నమ్మదగినవనీ, తనే చేసి చూసినవనీ ముఖపత్రం మీదే రాసుకుంది. 1861లో ఇంగ్లండులోనే బీటన్ దొరసాని తన వంట పుస్తకంలో సరుకుల పట్టికను వంటకు పైన పెట్టింది, 1896లో అమెరికాలో ఫ్యానీ ఫార్మర్ కప్పునూ చెంచానూ అంచుకు సమానంగా గీసి కొలవమంది. అప్పటికీ తూకాలు ఊరికొకటి. జర్మనీ మొత్తం మెట్రిక్ కొలతల్లోకి వచ్చింది 1872లో, మన దేశంలో ఆ చట్టం 1956లో చేశారు. ఇన్ని జరిగినా ఒక ఖాళీ పూడలేదు: వెనిగర్ 4 చెంచాలు అని రాస్తారు, ఎంత ఘాటు వెనిగరో రాయరు.

తిరుపతి అరల్లో ఆ ఖాళీ ఎంత పెద్దదో చూద్దాం. జర్మన్ నిబంధన ప్రకారం వెనిగర్ అని అమ్మాలంటే 100 మిల్లీలీటర్లకు కనీసం 5 గ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉండాలి. మన ఆహార నిబంధన 3.75 గ్రాములు ఉంటే చాలంటుంది, మామూలుగా దొరికేది 4 శాతం దగ్గర. అంటే అక్కడి 60 మిల్లీలీటర్లలో ఉండే 3 గ్రాముల పులుపు రావాలంటే మన సీసాలోంచి 75 మిల్లీలీటర్లు పోయాలి, ఆ మేరకు స్టాకు 15 తగ్గించాలి. ఇది తెలియక చేసినవాళ్ళ సలాడ్ చప్పగా వస్తుంది, ఆ చప్పదనానికి ఉప్పు పెంచుతారు, అప్పుడు ఇంకా పాడవుతుంది.

కిరాణా కొట్లో 'వెనిగర్ ఉందా' అంటే చేతికొచ్చే చవక సీసా మీద చిన్న అక్షరాల్లో సింథటిక్ అని, ఎసిటిక్ ఆమ్లం నుంచి చేసిందని ఉంటుంది. అలా రాయాలన్నది నిబంధన. తినేవాళ్ళకు ప్రమాదమేమీ కాదు గానీ, ముక్కుకు గుచ్చే వాసన తప్ప వెనక రుచి లేదు. నూడుల్స్‌కు, గిన్నెల మరకలకు సరే. ఈ సలాడ్‌లో గడ్డ రుచి, వెనిగర్ రుచి తప్ప దాక్కోవడానికి మసాలా లేదు కాబట్టి దీనికి 10లో 4 మార్కులు. సూపర్ మార్కెట్లలోనూ మందుల షాపుల్లోనూ దొరికే ఆపిల్ సైడర్ వెనిగర్ ఎక్కువగా 5 శాతం, జర్మన్ అంకెను మార్చకుండా వాడొచ్చు, 8 మార్కులు. తేనె కలిపిన రకం, అల్లం వెల్లుల్లి కలిపిన రకం వద్దు. సీసా మీద శాతం చూసి కొనండి, బొమ్మ చూసి కాదు. బియ్యపు వెనిగర్ మెత్తన, ఈ పనికి చాలదు.

గూడూరు నిమ్మ మార్కెట్టు దగ్గర్లోనే ఉంది కదా, నిమ్మకాయ పిండితే పోలేదా అనిపిస్తుంది. పోదు. నిమ్మ వాసన వేడికి ఎగిరిపోతుంది, పులుపు నాలుక ముందుభాగంలోనే ఆగిపోతుంది. తినేవాళ్ళు ఇందులో పోపు ఎక్కడ అని అడుగుతారు, అడగడం న్యాయమే.

ఆవ విషయంలో మాత్రం మనకు అనుభవం ఉంది. జర్మన్లు వాడేది మధ్యరకం ఘాటున్న పసుపు ముద్ద. దిగుమతి అయ్యే డిజాన్ (ఫ్రెంచి ఆవ ముద్ద) సీసా పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది, ఖరీదు, రుచికి దగ్గరే. హాట్‌డాగ్ మీద పోసే అమెరికన్ పసుపు మస్టర్డ్‌లో పసుపు ఎక్కువ, ఘాటు దాదాపు సున్న. బెంగాలీల ఆవ ముద్ద కాసుంది ఘాటు బాగుంటుంది, కానీ మిరప, ఆవనూనె పడి ఉంటే సలాడ్ దారి తప్పుతుంది. వీటన్నిటికంటే ఇంట్లో చేసుకున్నది మేలు. తెల్ల ఆవాలు పూజా సామాన్ల కొట్లలో దొరుకుతాయి. 30 గ్రాములు తెల్లవి, 10 గ్రాములు మామూలు ఆవాలు పొడికొట్టి, 50 మిల్లీలీటర్ల చన్నీళ్ళలో కలిపి పది పదిహేను నిమిషాలు వదలాలి. ఘాటు పుట్టేది ఈ వ్యవధిలోనే. ఆవాల్లోని ఎంజైమ్ నీళ్ళు తగిలితేనే పని చేస్తుంది, వేడినీళ్ళు పోస్తే చచ్చిపోతుంది, వెనిగర్ ముందే పోస్తే ఆగిపోతుంది. ఆ తర్వాతే 30 మిల్లీలీటర్ల వెనిగర్, అర చెంచా ఉప్పు, చెంచాడు బెల్లం పొడి, చిటికెడు పసుపు. కూరలో ఆవ పెట్టేటప్పుడు పొయ్యి దించాకే ఎందుకు పెడతారో ఇప్పుడు తెలిసే ఉంటుంది. చేసిన రోజు చేదుగా ఉంటుంది, దాన్ని చూసి పారబోయకండి. సీసాలో మూతపెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే చేదు దిగుతుంది. మూడు నల్ల ఆవాలకు ఒక తెల్లావగా తిరగేస్తే ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది, గడ్డ రుచి మాయమవుతుంది.

స్టాకు అక్కడ మాంసం ఉడికించిన నీళ్ళు. ఇక్కడ కూరగాయలతో: లీటరుంబావు నీళ్ళకు రెండు క్యారెట్లు, ఆకులతో సహా ఒక నూల్‌కోల్, సగానికి కోసి పెనం మీద కోతవైపు నల్లబడేదాకా మాడ్చిన రెండు ఎర్రగడ్డలు, పది మిరియాలు, ఒక బిరియానీ ఆకు, కొత్తిమీర కాడలు. నలభై నిమిషాలు చిన్న మంట, వడగడితే ఇంచుమించు 800 మిల్లీలీటర్లు. ఎర్రగడ్డ మాడ్చడం రంగుకే కాదు, మాంసం లేని లోటును కొంత అదే పూడుస్తుంది. జీలకర్ర, ధనియాలు వేయకూడదు, వేస్తే చారే. ప్యాకెట్ స్టాకు ముక్కలు వాడేవాళ్ళు వెనక పదార్థాల పట్టిక చదవాలి, మన దగ్గర అమ్మేవాటిలో కొన్నిట్లో మసాలా ఉంటుంది. మసాలా లేనిది దొరికితే 300 మిల్లీలీటర్లకు సగం ముక్క, పైన ఉప్పు సగానికి తగ్గించాలి.

నూనె సన్‌ఫ్లవర్ రిఫైన్డ్. చిత్తూరు సీమలో ఉండి గానుగ శెనగనూనె వద్దనడం నేరంలా ఉంటుంది గానీ, దాని వాసన మిగతా అన్నిటినీ మింగేస్తుంది. ఆవనూనె అసలే వద్దు. ఎర్రగడ్డ బదులు సాంబారు ఉల్లిపాయలు మేలు. పైన చల్లడానికి ఉల్లికాడల పచ్చభాగం.

ఇప్పుడు చేసే తీరు, కిలో తేలిన గడ్డకు. పొట్టు తీయకుండా చన్నీళ్ళలో వేసి పొయ్యి పెట్టాలి, లీటరుకు 10 గ్రాముల ఉప్పు. మరుగుతున్న నీళ్ళలో వేస్తే లోపల ఉడికేలోగా పైపొర విచ్చుకుంటుంది. మరుగు పట్టాక మంట తగ్గించి, నీళ్ళు అటూ ఇటూ కదిలేంతే ఉంచి 20 నుంచి 25 నిమిషాలు. బోరునీళ్ళు బాగా గడుసైతే నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది, నీళ్ళలోని కాల్షియం గడ్డ కణాల గోడను బిగిస్తుంది. సన్నటి కత్తి గుచ్చి పైకెత్తితే గడ్డ తనంతట జారిపోవాలి. కుక్కర్ వద్దు. విజిల్ ఒత్తిడికి పొట్టు పగిలి నీళ్ళు లోపలికెళ్తాయి, ఆ గడ్డ ఇక స్టాకు పీల్చదు. ఈ సలాడ్ నీళ్ళోడుతోందని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువవాటికి మూలం అదే.

గడ్డ ఉడికేలోగా 80 గ్రాముల సాంబారు ఉల్లిపాయలు సన్నగా తరిగి, 285 మిల్లీలీటర్ల స్టాకులో నిమిషం మరగనిచ్చి దించి, 75 మిల్లీలీటర్ల 4 శాతం వెనిగర్, రెండు చెంచాల ఆవ ముద్ద, 8 గ్రాముల ఉప్పు, చెంచా చక్కెర, అర చెంచా మిరియాలపొడి కలపాలి. పచ్చి ఉల్లి వేస్తే రెండు గంటల్లో గిన్నెంతా దాని వాసనే. 5 శాతం వెనిగరైతే స్టాకు 300, వెనిగర్ 60.

నీళ్ళు వంచేసి ఐదు నిమిషాలు ఆవిరి పోనిచ్చి, గుడ్డతో పట్టుకుని వేడిమీదే పొట్టు తీసి, 3 మిల్లీమీటర్ల చక్రాలుగా కోయాలి. వేడి గడ్డలో పిండి ఇంకా మెత్తగా, పీల్చే స్థితిలో ఉంటుంది. చల్లారిందా, బిగుసుకుంటుంది, స్టాకు అడుగున నిలిచిపోతుంది. వేడి స్టాకులో మూడింట రెండొంతులు పోసి చేత్తోగానీ వెడల్పాటి గరిటెతోగానీ అడుగునుంచి తిప్పి పది నిమిషాలు వదలాలి. తర్వాత మిగతాది. ఈ దశలో పులుసులా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ఇరవై నిమిషాలకు చక్రాల అంచుల్లోని పిండి కొంచెం కరిగి, స్టాకు చిక్కబడి, గరిటె తిప్పితే జారుగా చప్పుడు చేస్తుంది. అప్పుడు 75 మిల్లీలీటర్ల నూనె. ముందే పోస్తే నూనె గడ్డ చుట్టూ పొరకట్టి స్టాకును లోపలికి పోనివ్వదు. ఈ ఒక్క వరస తప్పితే మిగతా అన్నీ సరిగ్గా చేసినా ప్రయోజనం లేదు. అరగంట ఆగి, మళ్ళీ రుచి చూసి, ఉప్పూ పులుపూ సరిచేయాలి, ఎందుకంటే గడ్డ రెంటినీ లోపలికి లాక్కుని నాలుకకు తక్కువ చూపిస్తుంది. గోరువెచ్చగా వడ్డించాలి.

కుప్పంతా మునిగే గడ్డే దొరికిన రోజుల్లో దారి వేరు. పచ్చి గడ్డను ఒలిచి 5 మిల్లీమీటర్ల చక్రాలు కోసి, లీటరు నీళ్ళకు 15 మిల్లీలీటర్ల వెనిగర్, 10 గ్రాముల ఉప్పు వేసి 8 నుంచి 10 నిమిషాలు ఉడికించాలి. ముక్కలను అతికిపెట్టే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు, కాబట్టి పిండిగడ్డ కూడా ముక్కగా నిలుస్తుంది. పొట్టుతో ఉడికించినప్పటి మట్టి రుచి ఉండదు, స్టాకు 50 మిల్లీలీటర్లు తక్కువ పడుతుంది. రాజీ వంట, అయినా తినదగ్గదే.

మయొనైజ్ రకం చేయాలనుకునేవాళ్ళకు ఒక మాట. ఇక్కడ ప్యాకెట్లలో వచ్చే గుడ్డులేని మయొనైజ్ చాలావాటిలో తీపి ఎక్కువ, అందులో మళ్ళీ చక్కెర వేసే రెసిపీలను నమ్మొద్దు. ఇంట్లో పచ్చిగుడ్డుతో గిలకొట్టింది మన ఎండలో బయట పెట్టే సాహసం చేయకూడదు, పక్కనున్న తమిళనాడు 2025 ఏప్రిల్‌లో పచ్చిగుడ్డు మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది కూడా. ష్వాబియా రకంలో గుడ్డు లేదు, పులుపు ఉంది, అలాగని అమృతమూ కాదు: ఉడికిన ఉర్లగడ్డ తేమకు సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటకు మించి బయట ఉంచొద్దు, మే నెల తిరుపతిలో దాటని రోజు ఉండదు. ఫ్రిజ్‌లో ఒక రోజు, తినే ముందు రెండు చెంచాల వేడి స్టాకు పోసి కలిపితే మళ్ళీ వదులవుతుంది.

గెర్కిన్ సంగతి ఒకటి మిగిలింది. కుప్పం వైపు పొలాల్లో పండే గెర్కిన్ ఎగుమతికి పోతుంది, తిరుపతి మార్కెట్టులో పచ్చిది అడిగితే దొండకాయ చూపిస్తారు. సూపర్ మార్కెట్‌లో సీసా దొరుకుతుంది. తియ్యటి రకం కాకుండా ఉప్పటిది చూసి కొనండి, రెండు కాయలు సన్నగా తరిగి నూనెకు ముందు కలపండి. సీసాలోని ఊరునీళ్ళు పారబోయకండి: అవి 30 మిల్లీలీటర్లు పోసి, వెనిగర్ 15 మిల్లీలీటర్లు, ఉప్పు రెండు గ్రాములు తగ్గించుకుంటే సింథటిక్ వెనిగర్‌తో చేసిన సలాడ్ కూడా కొంత గట్టెక్కుతుంది.